బాత్రూం పని నడిచే ఇంట్లో నాలుగు వారాలు

బాత్రూం తిరగగొట్టి కొత్తగా కట్టించుకున్న ఏడాదికే పక్క గోడ చెమ్మ పట్టినా, కింది గది పైకప్పు మీద మరక కనిపించినా అందరూ ముందు మేస్త్రీని అంటారు, తర్వాత సామాన్లను అంటారు. చాలాసార్లు అసలు కారణం ఇంట్లోనే ఉంటుంది. స్నానానికీ దొడ్డికీ సరైన ఏర్పాటు లేక పదో రోజుకల్లా ఇంటిల్లిపాదీ విసిగిపోతారు. "ఇంకా ఎన్ని రోజులు?" అని పూటకోసారి అడుగుతారు. ఆ ఒత్తిడికి మేస్త్రీ ఏం తగ్గించగలడు? టైల్స్ సగం అతికించి వదిలెయ్యలేడు, కంటికి కనిపిస్తుంది. కుళాయిలు బిగించకుండా పోలేడు. గచ్చు ఆరే రోజులూ, లీకు ఉందేమోనని నేల మీద నీళ్ళు నిలబెట్టి చూసే రోజులూ తగ్గిస్తే మాత్రం ఆ పూట ఎవరికీ తెలియదు. తెలిసేది మరుసటి వానాకాలానికి.

కాబట్టి నా వాదన ఇది. ఇంట్లోవాళ్ళు నాలుగు వారాలు బాత్రూం లేకుండా ఇబ్బంది పడకుండా గడిపే ఏర్పాటు ముందు చేసుకుంటేనే బాత్రూం పని బాగా వస్తుంది. టైల్స్ ఎంపికకు పెట్టే శ్రద్ధలో సగం ఈ ఏర్పాటు మీద పెట్టాలి.

నాలుగు వారాలంటే ఎక్కువ చెప్పినట్టు ఉంటుంది గానీ లెక్క వేస్తే సరిపోతుంది. 4 చదరపు మీటర్ల మామూలు బాత్రూంనే తీసుకుందాం. పగలగొట్టడానికి 2 రోజులు, పైపులకూ కరెంటు గొట్టాలకూ 2, గోడల ప్లాస్టరింగుకూ నేల గచ్చుకూ 2, నీరు దిగకుండా వేసే పూత రెండు కోట్లకు 2, టైల్స్‌కు 4, జాయింట్లు నింపడానికి 1, సామాన్లు బిగించి సందులు మూసే సిలికాన్ వెయ్యడానికి 2. మొత్తం 15 రోజులు. సిమెంటు పనిని తడుపుతూ ఉంచాల్సినవి 7 రోజులు, పూత గట్టిపడటానికి 3, నీళ్ళు నిలబెట్టి చూడటానికి 2. ఇవి 12, అన్నీ కలిపి 27. ఈ 12 రోజుల్లో ఇంట్లో చప్పుడు ఉండదు, మనిషి రాడు, పని జరుగుతున్నట్టే అనిపించదు. కోపం వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. క్యాలెండరు మీద ముందే వాటిని గుర్తు పెట్టి, "ఈ రోజు ఎవరూ రారు, రాకూడదు" అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది.

రెండు బాత్రూంలు ఉన్న ఇంట్లో ఒకటే వాడుకోవాలి కాబట్టి పొద్దున ఎవరు ఎప్పుడు వెళ్ళాలన్నది ముందే తేల్చుకోవాలి. పని మొదలయ్యే ముందే రెండోదాన్ని పరీక్షించాలి: ఫ్లష్ నిండటానికి ఎంత సేపు పడుతోంది, నీళ్ళు పోయే కంత మందగించిందా, తలుపు గడియ సరిగ్గా పడుతోందా. ఉన్న ఒక్కటీ మధ్యలో మొరాయిస్తే తలప్రాణం తోకకొస్తుంది.

ఒకటే బాత్రూం ఉంటే లెక్క వేరు. కమోడ్ ఎన్ని రోజులు ఉండదో మేస్త్రీని, ప్లంబర్‌ని కలిపి కూర్చోబెట్టి అడగాలి. గోడల పని నడిచినంతకాలం పాత కమోడ్‌ని కదపకుండా, పైన దళసరి రేకో చెక్కో కప్పి పని చేయించి, సాయంత్రం తీసి వాడుకోవచ్చు. కమోడ్ ఫ్లష్ ట్యాంకుకు నీటి సరఫరా ఆగినా ఇబ్బంది లేదు, బకెట్‌తో 6 నుంచి 8 లీటర్లు ఒక్క ఊపులో పోస్తే పని జరుగుతుంది. నెమ్మదిగా పోస్తే లోపలి వంపులో నీరు లాగదు, రెట్టింపు నీళ్ళు ఖర్చవుతాయి. నేల పగలగొట్టిన రోజు నుంచి ఆ వెసులుబాటు పోతుంది. నేల గచ్చు, పూత, నీటి పరీక్ష, టైల్స్ అన్నీ అయ్యేదాకా కమోడ్ పెట్టడానికి లేదు. అంటే రెండు వారాల పైమాట. ఆ రోజులకు బంధువుల ఇల్లో, పక్కింటివారి సాయమో, తాత్కాలికంగా వాడే పోర్టబుల్ టాయిలెట్టో ఏదో ఒకటి ఖాయం కావాలి. "చూద్దాంలే" అనుకున్న ఇళ్ళలోనే మూడో రోజు పూత మీద టైల్స్ పడతాయి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ రాత్రి దారి గురించి విడిగా ఆలోచించాలి. ఏళ్ళ తరబడి అలవాటైన దారిలో ఇప్పుడు ఇసుక బస్తా, పైపు ముక్కలు, తెరలా వేలాడే ప్లాస్టిక్ షీటు ఉంటాయి. నిద్రమత్తులో పాత బాత్రూం వైపే అడుగులు పడతాయి. ఆ తలుపుకు రాత్రిపూట బయటినుంచి గడియ పెట్టాలి, కొత్త దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేస్తే వాళ్ళకూ ఇంట్లోవాళ్ళకూ నిశ్చింత. పనివాళ్ళు కూడా మనుషులే, రోజంతా ఉంటారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో, తాగే నీళ్ళు ఎక్కడున్నాయో మొదటి రోజే చూపించడం మర్యాద, అవసరం కూడా.

నీళ్ళు కట్టే విషయానికొద్దాం. పని మొదలుపెట్టే ముందు రోజే మెయిన్ వాల్వ్ తిప్పి చూడాలి. ఏళ్ళుగా కదపని గేట్ వాల్వ్ చాలావరకు పూర్తిగా మూసుకోదు. లోపల ఉప్పు పేరుకుని బిళ్ళ చివరిదాకా దిగదు, బలంగా తిప్పితే కాడ విరుగుతుంది. పైపు కోశాక ఈ సంగతి బయటపడితే ఇల్లంతా నీళ్ళే. బాత్రూంకి పోయే లైనుకు విడిగా ఒక బాల్ వాల్వ్ మొదటి రోజే పెట్టించడం ఈ మొత్తం పనిలో అతి చవకైన సుఖం. దాన్ని కట్టేస్తే వంటింటికీ మిగతా ఇంటికీ నీళ్ళు ఆగవు. కోసిన ప్రతి పైపు చివరా సాయంత్రం ప్లంబర్ వెళ్ళే ముందు ఎండ్ క్యాప్ పడిందో లేదో చూడాలి. లైను తిరిగి వదిలేటప్పుడు కుళాయిల మూతి దగ్గరుండే జాలీలు విప్పి, వాల్వ్ కొద్దికొద్దిగా తెరవాలి. పైపుల్లో చేరిన గాలి, ఇసుక, ప్లాస్టిక్ తరుగు అన్నీ ముందు బయటికి రావాలి. జాలీ విప్పకపోతే రెండో రోజుకే ధార సన్నబడుతుంది.

కమోడ్ తీసిన వెంటనే మురుగు గొట్టం మూతి మూసెయ్యాలి. కమోడ్ వంపులో నిలిచే 50 మిల్లీమీటర్ల నీరే ఇన్నాళ్ళూ మురుగు వాసనను ఆపింది. కమోడ్ పోయింది కాబట్టి ఆ అడ్డు పోయింది. వాసనకన్నా పెద్ద ప్రమాదం పెచ్చులది. పగలగొట్టేటప్పుడు ఒక్క సిమెంటు పెడ్డ గొట్టంలోకి జారినా అది మలుపు దగ్గర కూర్చుంటుంది. టైల్స్ అన్నీ అయ్యి, కమోడ్ బిగించి, మొదటిసారి ఫ్లష్ కొట్టినప్పుడు నీళ్ళు పైకి వస్తాయి. అప్పుడు మళ్ళీ పగలగొట్టుడే. గుడ్డ కుక్కితే సరిపోదు, తడిసి లోపలికి జారుతుంది. గొట్టం సైజుకు తగిన మూతే బిగించాలి. నేల మీద స్నానం నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌కీ ఇదే వర్తిస్తుంది.

పెచ్చుల బరువు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేల 4 చదరపు మీటర్లు, టైలూ గచ్చూ కలిపి 5 సెంటీమీటర్ల మందం అనుకుంటే 0.2 ఘనపు మీటర్లు. గోడలు చుట్టూ 8 మీటర్లు, ఎత్తు 2.1 మీటర్లు, మందం 3 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 0.5 ఘనపు మీటర్లు. మొత్తం 0.7. ఘనపు మీటరుకు 2 టన్నుల లెక్కన 1.4 టన్నుల చెత్త. సంచికి 25 కిలోలు మించకుండా నింపితే 56 సంచులు. అంతకంటే బరువు నింపితే సంచి చిరుగుతుంది, మెట్ల మీద మోసేవాడి నడుం పడిపోతుంది. ఈ 56 సంచులూ బాల్కనీలో ఒకే మూల పేర్చకూడదు, గోడ లోంచి ముందుకు పొడుచుకొచ్చిన స్లాబు చివర అంత బరువు పెట్టడం ప్రమాదం. ఏ రోజు చెత్త ఆ రోజే దిగిపోయేలా ఒప్పందంలో రాయించుకోవాలి.

దుమ్ము సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. టైలును, సిమెంటును పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోతుకు పోతుంది, గంటల తరబడి గాలిలో తేలుతుంది. గాడి కొట్టే చోట, టైలు కోసే చోట నీళ్ళు చిలకరిస్తూ కోయించాలి. పనివాళ్ళకు ఎన్-95 మాస్కులు ఇవ్వాలి, పెట్టుకునేదాకా ఊరుకోకూడదు. తలుపు దగ్గర దళసరి ప్లాస్టిక్ షీటు రెండు పొరలుగా వెయ్యాలి. ఒక పొర మధ్యలో నిలువుగా కోసి, రెండో పొర దాని మీద వాలేలా పైనుంచి మాత్రమే అతికిస్తే మనిషి వెళ్ళి వచ్చినా తెర తనంతట తాను మూసుకుంటుంది. బాత్రూం కిటికీలో ఒక ఫ్యాను బయటికి ఊదేలా పెట్టాలి. లోపల గాలి బయటికి పోతుంటే ఇంటి గాలి బాత్రూంలోకి లాగుతుంది, దుమ్ము ఇంట్లోకి రాదు. ఫ్యానును తిరగేసి లోపలికి ఊదేలా పెడితే షీటు ఉబ్బి దుమ్మంతా పడగ్గది పాలవుతుంది. గడప దగ్గర తడి గోనె పరిచి, గంటకోసారి జాడించాలి. సాయంత్రం చీపురు పట్టకూడదు, తడి గుడ్డతోనే తుడవాలి. పక్క గదిలో ఏసీ ఉంటే పగలగొట్టే రోజుల్లో నడపకపోవడం మంచిది.

మేస్త్రీ తాపీలు, బకెట్లు కడిగే చోటు కూడా ముందే చూపించాలి. చూపించకపోతే అతనికి కనబడే కుళాయి వంటింటి సింకుదే. సిమెంటు నీళ్ళు సింకు కింది వంపులో కూర్చుని గట్టిపడతాయి, నీళ్ళ కింద కూడా సిమెంటు గడ్డకడుతుంది. ఒక పెద్ద బకెట్ కేటాయించి, కడిగిన నీళ్ళు రాత్రంతా తేరనిచ్చి, పైతేట బయట పారబోసి, అడుగున మిగిలిన మడ్డిని చెత్త సంచిలో వెయ్యాలి. పిల్లలను ఆ బకెట్ దగ్గరికి పోనివ్వకండి. తడి సిమెంటు గాఢమైన క్షారం, ఎక్కువసేపు తగిలితే చర్మం కాలుతుంది.

పైపులు పడ్డాక గోడ మూసే ముందు రెండు పనులు. ఒకటి, ఒత్తిడి పరీక్ష. పీవీసీ, సీపీవీసీ ప్లాస్టిక్ పైపుల జాయింట్లకు పూసిన జిగురు (సాల్వెంట్) పూర్తిగా పట్టాలి, డబ్బా మీద రాసిన గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే నిశ్చింత. తర్వాత అన్ని చివర్లకూ మూతలు బిగించి, గాలి మొత్తం పోయేలా నీళ్ళు నింపి, చేతి పంపుతో మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించాలి. మొదట పంపు మీటరు ముల్లు కాస్త దిగుతుంది, ప్లాస్టిక్ పైపు కొద్దిగా సాగుతుంది కాబట్టి అది లీకు కాదు. మళ్ళీ ఎక్కించి, ఆ తర్వాత నిలబడుతోందో లేదో చూడాలి. రెండోది, ఫొటోలు. ప్రతి గోడకూ టేపు కొలత కనబడేలా, నేల నుంచి ఎత్తు, మూల నుంచి దూరం తెలిసేలా తీసి పెట్టుకోవాలి. ఎప్పుడో అద్దం బిగించడానికి డ్రిల్లు పట్టిన రోజున ఆ ఫొటో విలువ తెలుస్తుంది.

కొలతల్లో జరిగే పొరపాట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: పచ్చి గోడ నుంచి కొలుస్తారు. కమోడ్ మురుగు కంత మధ్యభాగం నుంచి గోడకు ఉండాల్సిన దూరాన్ని పూర్తయిన టైలు ముఖం నుంచి లెక్కపెట్టాలి. ప్లాస్టరింగ్, అంటించే జిగురు, టైలు కలిసి 25 నుంచి 35 మిల్లీమీటర్లు తినేస్తాయి. ఆ మేరకు తగ్గితే కమోడ్ వెనకభాగం గోడకు తగులుతుంది. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి షవర్‌కీ కుళాయికీ మళ్ళించే, గోడలో దాచే డైవర్టర్‌కి కూడా అంతే. దాని మీద కనిష్ఠ, గరిష్ఠ లోతు గీతలు ఉంటాయి, టైలు ముఖం ఆ రెంటి మధ్యన రావాలి. కాబట్టి టైలు మందం ఎంతో తెలియకుండా, అంటే టైల్స్ ఇంటికి రాకుండా, డైవర్టర్ బిగించనివ్వకండి. గీజర్ సాకెట్ ఎత్తు, దానికి కరెంటు లీకైతే వెంటనే కట్టేసే 30 మిల్లీయాంపుల రక్షణ స్విచ్చు కూడా ఈ దశలోనే తేలాలి.

ఇక్కడినుంచి ఖాళీ రోజులు మొదలవుతాయి. ప్లాస్టరింగునూ గచ్చునూ 7 రోజులు తడుపుతూ ఉంచాలి. సిమెంటు ఆరి గట్టిపడుతుందనుకోవడం పొరపాటు, నీటితో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. నీరు ముందే ఆవిరైపోతే ఆ చర్య సగంలో ఆగి, పైన పిండి రాలుతుంది, సన్న నెర్రెలు పడతాయి. ఈ తడుపు పని ఇంట్లోవాళ్ళే చేసుకోవచ్చు. రోజుకు మూడుసార్లు, పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం, గోడ పైనుంచి కిందికి చల్లాలి. నేల మీద తడి గోనెలు పరిచి ఉంచితే ఇంకా మేలు. గచ్చు వాటం కూడా ఇప్పుడే చూసుకోవాలి: నీళ్ళు పోయే కంత వైపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాలు. రెండు మగ్గుల నీళ్ళు దూరపు మూలలో పోసి ఎటు పోతున్నాయో చూస్తే చాలు. టైల్స్ వేశాక వాటం తెప్పిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాలు గచ్చులో లేకపోతే టైలు కింద చేరిన నీరు అక్కడే నిలుస్తుంది.

పూత వేసే ముందు గోడా నేలా కలిసే మూలలన్నీ చిన్న వంపుగా సిమెంటుతో గుండ్రం చేసి, మూలల్లోనూ పైపుల చుట్టూ బలాన్నిచ్చే వల గుడ్డ మొదటి కోటులోనే అద్దాలి. గోడా నేలా వేర్వేరుగా కదులుతాయి, ఉత్త పూత ఆ కదలికకు చీలుతుంది. రెండు భాగాలు కలిపి వాడే సిమెంటు పూత అయితే నేల తడిగా ఉండాలి గానీ నీళ్ళు నిలవకూడదు. కొన్ని ఇతర రకాలకు పూర్తిగా పొడిగా ఉండాలి. డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే చెయ్యాలి, నోటిమాట నమ్మకూడదు. మొదటి కోటు ఒకవైపు లాగితే రెండోది దానికి అడ్డంగా లాగాలి. రెండు కోట్లకు రెండు రంగులు వాడితే పలచబడ్డ చోటు ఇట్టే కనబడుతుంది. షవర్ కింద గోడ మీదికి మనిషి ఎత్తుదాకా, మిగతా చోట్ల కనీసం 30 సెంటీమీటర్లు, గడప మీదికి కూడా పూత ఎక్కాలి. గడప వదిలేసిన బాత్రూంలలోనే పడగ్గది గోడ అడుగున పెయింటు పొక్కుతుంది.

3 రోజులు ఎవరూ దాని మీద నడవకుండా ఉండాలి. ఆ తర్వాత నీటి పరీక్ష. కంతలకు రబ్బరు ప్లగ్గు బిగించి, గడప దగ్గర సిమెంటుతో చిన్న కట్ట కట్టి, ఎత్తైన మూల కూడా 2-3 సెంటీమీటర్లు మునిగేలా నింపాలి. గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిలు గీత గియ్యాలి. ఇక్కడ చాలామంది చెయ్యని పని ఒకటుంది: ఒక వెడల్పాటి టబ్బులో నీళ్ళు పోసి, దానికీ గీత గీసి, అదే బాత్రూంలో పక్కన పెట్టాలి. 48 గంటల తర్వాత టబ్బులో ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో చూడండి, అంత ఆవిరైనట్టు. నేల మీది నీరు అంతే తగ్గితే పూత బాగున్నట్టే. అంతకు మించి తగ్గితే ముందు ప్లగ్గును అనుమానించాలి, మురుగు గొట్టం బయటి మూతి దగ్గర సన్నటి ధార కనిపిస్తే తప్పు ప్లగ్గుదే. అది కాదని తేలాకే పూతలో కంత వెతకాలి. కింది గది పైకప్పు, పక్క గోడల అడుగు కూడా చేత్తో తడిమి చూడాలి. ఈ దశలో లీకు దొరకడం అదృష్టం. కాసింత పూతతో, ఒకటి రెండు రోజుల ఆలస్యంతో సరిపోతుంది. టైల్స్ పడ్డాక అదే లీకుకు నేల మొత్తం తియ్యాలి.

పరీక్ష నెగ్గాక కూడా పూత కాపాడుకోవాలి. అప్పుడు వచ్చి "ఈ పైపు రెండంగుళాలు జరుపుదాం" అని ప్లంబర్ ఉలి పట్టుకుంటే మొదటికే మోసం. నేలను గుచ్చే పనులన్నీ పూతకు ముందే అయిపోవాలి.

టైల్స్ దశలో ఇంట్లోవాళ్ళకు పెద్ద పని ఉండదు. లెక్కకు 10 శాతం ఎక్కువ తెప్పించడం, పెట్టెలన్నిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడటం, అతికించిన మర్నాడు నాణెంతో తట్టి డొల్ల శబ్దం వచ్చిన టైలు తీయించడం, అంతే. 24 గంటలదాకా దాని మీద కాలు పెట్టకూడదు. మూలల్లో, గోడా నేలా కలిసే చోట గ్రౌట్ (జాయింట్లు నింపే సిమెంటు ముద్ద) నింపనివ్వకండి, అక్కడ సిలికానే ఉండాలి. టైల్స్ మీది సిమెంటు మరకలకు యాసిడ్ పోయించకండి. అది గ్రౌట్‌ను తింటుంది, కుళాయిల మెరుపు పోతుంది. యాసిడ్ తడి మీద బ్లీచింగ్ పౌడరు పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఇరుకు గదిలో అది ప్రాణాంతకం.

సిలికాన్ వేశాక 24 గంటలు నీళ్ళు తగలకూడదు. ఇంట్లో అందరి ఓపికా సరిగ్గా అప్పుడే అయిపోతుంది, బాత్రూం మెరిసిపోతూ ఎదురుగా కనబడుతుంది. తలుపుకు తాళం వేసి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి. మొదటి వారం స్నానం తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాను అరగంట తిరగనివ్వండి, కమోడ్ అడుగున, గోడ దగ్గర నీళ్ళు కట్టే చిన్న కుళాయిలైన యాంగిల్ కాక్‌ల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి రోజూ చూడండి. తడి మచ్చ పడితే ప్లంబర్‌ను ఆ రోజే పిలవండి. మిగిలిన టైల్స్ ఒక పెట్టె, గ్రౌట్ రంగు పేరు రాసిన చీటీ, గోడ లోపలి పైపుల ఫొటోల ప్రతులు కలిపి ఒకేచోట భద్రం చెయ్యండి.